రెండు మెట్ల మధ్య సైరన్

ఈ జిల్లాలో శ్రుతి తప్పని గాయకుడు ఒక్కడే ఉన్నాడు. వాడు నా కంప్యూటర్‌లో ఉంటాడు. నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణం పైన, ప్రతిధ్వని రాకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన రికార్డింగ్ గదిలో, పదిహేనేళ్ళుగా నేను వాడికి కాపలా కాస్తున్నాను. పెళ్ళి పాటలు, ఎన్నికల పాటలు, యూట్యూబ్ జానపదాలు, ఎవరు ఏది పాడినా చివరికి పాడేది వాడే. మనుషులు వచ్చి నోరు తెరిచి పోతారు.

పని చెప్పుకుంటే చాలా చిన్నది. పాడిన గొంతు కంప్యూటర్ తెర మీద వంకరటింకర దారంలా కనబడుతుంది. దాని వెనక అడ్డగీతలుంటాయి. ఒక్కో గీత కీబోర్డు మీద ఒక్కో మెట్టు. దారం గీత మీద ఉంటే శ్రుతి కుదిరినట్టు, పైకో కిందికో పోతే తప్పినట్టు. తప్పిన ముక్కను మౌస్‌తో పట్టి గీత మీదికి లాగితే చాలు. అంత ఓపిక లేనివాళ్ళకు ఒక బటన్ కూడా ఉంది. నొక్కితే పాటంతా తనంతట తానే పోయి గీతల మీద కూర్చుంటుంది. దీన్ని మేము ట్యూన్ కొట్టడం అంటాం.

ఒకసారి వేల్పూర్ వైపు నుంచి ఒక కాంట్రాక్టర్ కొడుకు వచ్చాడు. వాడు నోరు తెరిస్తే నూనె లేని బోరింగ్ కొట్టినట్టే ఉంది. అరగంటలో వాణ్ని గాయకుణ్ని చేసి పంపాను. కింద మెట్ల దగ్గర వాడు దోస్తులతో "ఒక్క టేక్‌ల ఒడగొట్టిన మామా" అనడం నా చెవులతో విన్నాను. ఆడలేక మద్దెల ఓడు అనడం పాతకాలం మాట. ఇప్పుడు ఆడలేనివాడి తరఫున మద్దెలే ఆడి పెడుతుంది. ఆ మద్దెల నేనే, కాబట్టి ఎవరి మీదా కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. అయినా తెచ్చుకుంటాను.

నా పనిని మొహం మీదే వద్దన్నది ఒక్క మనిషి. క్రిస్మస్ పాటలు రికార్డు చేయించుకోవడానికి చర్చి నుంచి వచ్చిన పెద్దామె. ఆమె గొంతు అక్కడక్కడ వణికింది. సరిచేస్తానన్నాను. "నా గొంతు దేవునికి ఎర్కే ఉన్నది బిడ్డా. నువ్వు దిద్ది పంపితే ఇంకెవరో అనుకుంటడు" అంది. ఆ రోజు నవ్వాను. ఆ మాట నాకు అర్థం కావడానికి మా అక్క పాటను నా చేతులతో చెడగొట్టాల్సి వచ్చింది.

మాది బోధన్ పక్కన ఊరు. బాపు చక్కెర ఫ్యాక్టరీలో, చెరుకు రసం కాచే చోట పనిచేసేవాడు. అవ్వ, అంటే మా అమ్మ, నాట్లకు పోయేది. ఇరవై మంది ఆడవాళ్ళ ముఠాకు ఆమే పెద్ద. చలికాలంలో వేసే యాసంగి నాట్లూ, ఫ్యాక్టరీలో చెరుకు ఆడే కాలమూ ఒకటే కావడంతో, మొలాసిస్ మడ్డి వాసన పీలుస్తూ నాట్లేయడం మా ఊరి ఆడవాళ్ళందరికీ అలవాటు. ఫ్యాక్టరీ సైరన్ మూడు పూటలా మోగేది. ఎవరింట్లోనూ గడియారం చూసే పని ఉండేది కాదు.

నాట్లలో మా వైపు ఒక పద్ధతి ఉండేది. పగటి పూట సద్దులు తిన్నాక, రెండు గంటల సైరన్ మోగే దాకా ఎవరూ పాట ఎత్తకూడదు. ఆ సైరన్ కింద ఎక్కడి నుంచో మూలుగుతూ లేచి, పైన ఒకచోట కాసేపు కదలకుండా నిలబడేది. అది నిలబడ్డ చోటే అవ్వ పాట అందుకునేది. కొంచెం సేపటికి సైరన్ దిగిపోయేది, పాట మాత్రం ఆ ఎత్తులోనే ఉండిపోయేది. మిగతా ఆడవాళ్ళంతా అది పట్టుకొని నడుములు వంచేవాళ్ళు. ఎవరైనా తొందరపడి ముందే మొదలుపెడితే అవ్వ ఊరుకునేది కాదు. "సైరన్ గాలే, గప్పుడే ఏం లేపుతవే పాట?" అని కసిరేది. ఎందుకట్లా అని ఎవరూ అడగలేదు. హార్మోనియం లేని మనుషులకు ఊరందరికీ కలిపి ఒక సైరన్ దొరికింది, అంతే.

అక్క అవ్వ పక్కన వంగి నాటేస్తూ పాట నేర్చింది. నేను గట్టు మీద కూర్చుని నారు కట్టలు అందించినవాణ్ణి. సైరనూ విన్నాను, పాటా విన్నాను. తర్వాత నిజామాబాద్ వచ్చి కీబోర్డు నేర్చుకున్నాను. నా చెవిని ఆ తెల్ల మెట్లకూ నల్ల మెట్లకూ అప్పగించేశాను. ఇక వాటి మధ్యన ఏదైనా ఉంటుందనే ధ్యాస కూడా పోయింది.

అవ్వ చనిపోయింది. తర్వాత కొన్నేళ్ళకు ఫ్యాక్టరీ మూతబడింది, సైరన్ ఆగిపోయింది. అక్క పక్క ఊరికే కోడలుగా పోయింది కాబట్టి నాట్లు మానలేదు. ముఠాలో పాట ఎత్తే పని ఆమెకు వచ్చింది. చిన్నప్పుడు అవ్వ పొలంలో ఉంటే నాకు అన్నం పెట్టింది, తల దువ్వింది, బడికి తోలింది అక్కే. అక్క పాడితే బాగుంటుందని నాకు తెలుసు. ఎంత బాగుంటుందో తెలియదు. పెరటి చెట్టు మందుకు పనికి రాదు కదా.

మోర్తాడ్ వైపు పసుపు చేలల్లో డ్యాన్సు వీడియోలు తీసే యూట్యూబ్ ఛానెల్ అతను ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, అస్సల్ పల్లె గొంతు గావాలె. గీ టౌన్ పోరగాండ్ల గొంతులు బిల్కుల్ వద్దు" అన్నాడు. నాకు అక్క యాదికొచ్చింది. గర్వంగానే చెప్పాను. అక్క పొద్దున బస్సుకు వచ్చింది, నా కోసం జొన్న రొట్టెలు మూట కట్టుకొని. గదిలో గుడ్ల అట్టలు చూసి "గిన్ని గుడ్లు ఎవలు తిన్నరురా?" అని నవ్వింది. హెడ్‌ఫోన్ పెట్టబోతే తల వెనక్కి తీసుకుంది.

"చెవులు మూస్తే ఎట్ల పాడుతరురా?"

సరే అని హెడ్‌ఫోన్ లేకుండానే పాడమన్నాను. మైకు ముందు నిలబడి కళ్ళు మూసుకుంది. కొంచెం సేపు ఏమీ పాడలేదు, ఏదో వింటున్నట్టు ఆగింది. తర్వాత ఎత్తుకుంది. నాట్లకు ఆలస్యంగా వచ్చిన మరదలిని వదినలంతా ఆటపట్టించే పాట. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగలేదు, ఒక్క మాట తడబడలేదు. ఛానెల్ అతను "వాహ్ అక్కా" అన్నాడు.

అప్పుడు నేను తెర వైపు చూశాను. దారంలో ఒక్క ముక్క కూడా గీత మీద లేదు. ప్రతి ముక్కా ఏవో రెండు గీతల నడిమధ్యనే నడిచింది. అతను ఎక్కడో చేయించి తెచ్చుకున్న మ్యూజిక్‌ను పక్కన పెట్టి వినిపిస్తే పళ్ళు జివ్వుమన్నాయి. నాకు సిగ్గేసింది. వేరేవాళ్ళయితే విసుగు వచ్చేది, తోబుట్టువు కాబట్టి సిగ్గేసింది.

"గొంతు మస్తున్నది గని మ్యూజిక్ తోని కూసుంటలేదన్నా. జర ట్యూన్ కొట్టు" అన్నాడతను.

మ్యూజిక్‌ను కొంచెం కిందికి దించి అక్క గొంతు దగ్గరికి తీసుకురావచ్చు. ఒక్క అంకె మార్చే పని, రెండు నిమిషాలు పట్టదు. అది నాకు తట్టలేదు. చేయగూడదనుకొని మానేయలేదు, అసలు ఆ ఊహే రాలేదు. ఒక పక్క మిషిన్‌లోంచి వచ్చిన సంగీతం, ఒక పక్క బురదలోంచి వచ్చిన ఆడమనిషి. రెండూ కలవకపోతే తప్పు ఎవరిదో నా బుర్రలో ఎప్పుడో తేలిపోయి ఉంది.

ఒక్కో ముక్కనూ పైకి లాగి గీత మీద కూర్చోబెట్టాను. ఒక మాట నుంచి ఇంకో మాటకు జారే చోట ఆ జారుడు కోసేశాను. గుక్క తిప్పుకునే చోట ఊపిరి తీసేశాను. వరుస చివర అవ్వ దగ్గర నేర్చుకున్న చిన్న విరుపు ఒకటి ఉండేది, దాన్నీ చదును చేశాను. చెక్కకు చిత్రిక పట్టినట్టు పట్టి, మ్యూజిక్ కలిపి అక్కకు వినిపించాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది నేనేనారా?"

"నువ్వేనక్కా."

"గింత సాఫ్ ఉన్నదేందిరా నా గొంతు! కడిగి ఆరేసినట్లున్నది." కొంచెం ఆగి మళ్ళీ అంది. "నాకు తెల్వకపాయె. ఇన్నొద్దులు ఖరాబ్ పాడినట్లున్న."

ఆ మాటకు నేను అదేం లేదక్కా అనాలి. అనలేదు. నవ్వి ఊరుకున్నాను. నా పనితనం మెచ్చుకుందని లోపల సంతోషపడ్డాను కూడా. చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు గానీ, అది నిజం.

పాట ఇచ్చేశాక అసలు గొంతు ఉన్న ఫైలు చెరిపేశాను. అది నా రోజువారీ అలవాటు, డిస్కులో జాగా చాలదు. కాంట్రాక్టర్ కొడుకు గొంతును ఎట్లా చెరిపానో అక్క గొంతునూ అట్లాగే చెరిపాను.

పాట ఆడింది. నందిపేట్ పెళ్ళి బరాతుల్లో, ఆటోల్లో, పిల్లల ఫోన్లలో, ఎక్కడ చూసినా అదే. వీడియోలో పసుపు చేను మధ్య ఒక అమ్మాయి నడుము తిప్పుతూ పెదవులాడిస్తుంది, కింద చిన్న అక్షరాల్లో అక్క పేరు ఉంటుంది. ఆ పేరు చూసి బోధన్‌లో ఒక సంఘం వాళ్ళు సద్దుల బతుకమ్మకు అక్కను పిలిచారు. స్టేజీ మీద పాడాలి, కింద ఆడవాళ్ళు ఆడాలి. సౌండు పని నాకే అప్పగించారు.

అక్క కొత్త చీర కట్టుకుంది. పొద్దుగూకే వేళ స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంది. కళ్ళు మూసుకుని, స్టూడియోలో ఆగినట్టే కొంచెం సేపు ఆగింది. ఎత్తుకుంది. కింద బతుకమ్మల చుట్టూ వంగి చప్పట్లు కొట్టడానికి తయారైన ఆడవాళ్ళు ఆ పాటను ఫోన్లలో వందసార్లు విన్నవాళ్ళు. వాళ్ళు అందుకున్న ఎత్తు ఫోనులోది. అక్క ఎత్తు వేరు. రెండు వరుసలు ఎట్లాగో లాగారు. మూడో వరుసకు చప్పట్లు ఆగిపోయాయి.

"గీమె గామె కాదే. ఫోన్ల పాడినామె గొంతు వేరే ఉన్నది" అని ఎవరో గట్టిగా అన్నారు. ఇంకెవరో నవ్వారు. ఆ నవ్వు స్టేజీ దాకా వినబడింది. అక్క పాడుతూనే నా వైపు చూసింది.

మైకులో మాట్లాడే అతను నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా, అస్సల్ సింగర్ రాలేదా?"

చెప్పాల్సింది చాలా తేలిక. ఈమే అసలు, మీరు ఫోన్లో విన్నదే నకలు, చేసింది నేను. ఇంతే. నా స్టూడియో పేరు స్టేజీ వెనక బ్యానర్ మీద ఉంది. నా వెనక నాకు పని ఇచ్చే నిజామాబాద్ ఛానెల్ వాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఆమెనే. జర సర్ది చేసింది. ట్రాక్ పెడుతున్న" అని నేరం జలుబు మీదికి తోశాను.

పెన్‌డ్రైవ్ పెట్టాను. కంప్యూటర్‌లోని అక్క పాడింది, స్టేజీ మీది అక్క పెదవులు కదిపింది. ఆడవాళ్ళు సంబురంగా తిరిగారు. ఎంత చక్కగా కలిసిందంటే, నవ్వినామె కూడా కళ్ళు మూసుకొని చప్పట్లు కొట్టింది.

తిరిగి ఆటోలో వస్తుంటే అక్క కొత్త చీర కొంగు మడత పెడుతూ కూర్చుంది. మూతబడిన ఫ్యాక్టరీ గోడ దాటాక అంది.

"సర్ది అన్నవట గదరా."

"ఏం చెయ్యాలక్కా మరి?"

"మంచిగనే చేసినవు. ఇజ్జత్ కాపాడినవు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటాడు. మాటలు తక్కువ, చాయలు ఎక్కువ. పండుగ అయిన కొన్ని రోజులకు మా గల్లీలో ఒక పెళ్ళి జరిగి, అక్క పాట డీజేలో పొద్దుటి నుంచి మోగుతోంది. బాపు వాకిట్లో కుర్చీలో కూర్చుని విన్నాడు.

"గిది మీ అక్క పాటనేనా?"

"అవును బాపూ."

"సైరన్ మీద లేదు."

ముసలితనం అనుకున్నాను. బాపు చాయ గ్లాసు కింద పెట్టాడు. "మీ అవ్వ పాట సైరన్ మీదికెల్లి లేస్తుండె. మీ అక్కది గూడ గంతే. గిది సైరన్ కన్న మీదికి పోయింది."

"సైరన్ ఎట్లుంటుండెనో యాది ఉన్నదా నీకు?"

ముప్పై ఏళ్ళు దాని మీద లేచి, దాని మీద తిని, దాని మీద పడుకున్న మనిషిని అడగాల్సిన ప్రశ్న కాదది. బాపు నన్ను జాలిగా చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. గొంతు అడుగు నుంచి "ఊఁ..." అని మొదలై, మెల్లగా పైకి లేచి, ఒకచోట నిలబడింది. అయిదారు క్షణాలు నిలబెట్టాడేమో, దగ్గు వచ్చి ఆగిపోయాడు. ఫోను తీసి, ఇంకోసారి చెయ్యమని బతిమాలి రికార్డు చేసుకున్నాను.

స్టూడియోకు పోయి ఆ "ఊఁ"ను తెర మీద పెట్టాను. అది నిలబడ్డ చోటు రెండు గీతల నడిమధ్య ఉంది. అక్క పాట ఫైలు తెరిచాను. అసలు గొంతు లేదు గానీ, ఏ ముక్కను ఎంత పైకి లాగానో ఆ లెక్క సాఫ్ట్‌వేర్ దాచిపెట్టుకుంది. ఒక్కో ముక్కా చూసుకుంటూ పోయాను. అన్నీ ఒకే కొలత. తప్పు పాడేవాడు ఒకచోట పైకి పోతాడు, ఒకచోట కిందికి జారుతాడు. పాటంతా ఒక్క కొలత కిందనే నడిచిన మనిషి తప్పు పాడలేదు. ఆమె పట్టుకున్న ఆధారం వేరు. ఈ మాత్రం నిన్న మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలియాలి. మూతబడిన ఫ్యాక్టరీలో ఇనుమంతా తుప్పు పట్టినా, దాని సైరన్ ఒక నాట్లేసే మనిషి గొంతులో చెక్కుచెదరకుండా ఉంది. గట్టు మీద కూర్చుని రోజూ విన్నవాణ్ణి, నేనే దాన్ని తప్పు అని చెరిపేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ కొండనాలుకకు అసలు రోగమే లేదు.

పాటను మళ్ళీ కిందికి దించి చూశాను. ఎత్తు దిగింది. కోసేసిన జారుళ్ళు రాలేదు, ఊపిరి రాలేదు, అవ్వ విరుపు రాలేదు. కిందికి దిగిన మిషిన్ అయింది, అంతే.

అయినా అక్క ఉంది కదా, గొంతు ఉంది కదా అనుకున్నాను. ఈసారి ఏదీ ముట్టుకోకుండా, ఉన్నదున్నట్టు రికార్డు చేసి, ఇదీ మా అక్క అని నలుగురికీ వినిపించి, స్టేజీ మీద ఆడిన అబద్ధం కూడా ఒప్పుకోవాలనుకున్నాను. కానీ నేను చేసిన దానికి అక్క మొహం చూడాలంటే భయమేసింది. ఆ భయంతోనే నెలలు గడిపాను. యాసంగి నాట్లు మొదలయ్యాక ఒక పొద్దున లాప్‌టాప్, మైకు పట్టుకొని వాళ్ళ ఊరికి పోయాను. అక్క ఇంట్లోనే ఉంది. ఈసారి నాట్లకు బీహారోళ్ళను పెట్టుకున్నారని, ముఠా పెద్దగా కలవడం లేదని చెప్పింది. అరుగు మీద మైకు పెట్టాను.

"అక్కా, మ్యూజిక్ లేదు, ఏం లేదు. నాట్లల్ల ఎట్ల పాడుతవో గట్ల పాడు."

చీర సర్దుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, ఏమీ వింటున్నట్టు ఆగలేదు. నేను బటన్ నొక్కీ నొక్కకముందే ఎత్తుకుంది. దారం ఒక గీత మీద కూర్చుంది. అక్కడి నుంచి లేచి ఇంకో గీత మీద కూర్చుంది. జారుళ్ళు లేవు. గుక్క చప్పుడు లేదు. వరుస చివర విరుపు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. పాట అయ్యే దాకా నేను తెర మీది నుంచి చూపు తీయలేదు.

"ఇట్ల కాదక్కా. అవ్వ పాడినట్లు పాడు."

"గిదే గదరా అవ్వ పాట."

"సైరన్ యాది ఉన్నదా? గా సైరన్ మీద ఎత్తు."

అక్క నన్ను వింతగా చూసి, గుర్తు తెచ్చుకొని, "ఊఁ..." అంది. అది కూడా గీత మీదే నిలబడింది. ఫోను తీసి బాపు చేసిన సైరన్ వినిపించాను. అక్క తల పక్కకు వంచి శ్రద్ధగా విన్నది, నవ్వింది.

"పాపం, బాపుకు దమ్ము సరిపోతలేదు. కిందికి జారుతుండు."

నా మొహంలో ఏం కనబడిందో, అక్క దగ్గరికి జరిగి కూర్చుంది. చిన్నప్పుడు బడికి పోను అని ఏడిస్తే నచ్చజెప్పిన గొంతుతోనే చెప్పింది.

"గా బతుకమ్మ కాడ నీ మొఖం సిన్నవోయింది సూడు, గది మర్సిపోలేదురా నేను. గప్పటి సంది రోజు ఫోన్ వెట్టుకొని దానెంబడి పాడుకుంటున్న. పాలు పిండేటప్పుడు, వంట కాడ. మొదట్ల అస్సలు కలవకపోతుండె, ఏడుపొస్తుండె. ఇగ మెల్లమెల్లగ కలిసింది." తెర వైపు వేలు చూపింది. "గిప్పుడు నువ్వు దిద్దే పని లేదు గదరా?"

తెర వైపు చూశాను. దారం మొత్తం గీతల మీద ఉంది.

"లేదక్కా" అన్నాను.